మాకరాన్ల మీద బొమ్మలు: విశాఖ గాలికి ఏ రంగు నిలుస్తుంది?

మాకరాన్ల మీద పువ్వులో పేరో వేయడానికి ఏ రంగు కొనాలని అడిగేవాళ్లు రంగు ఎంత మెరుస్తుందో, ఎన్ని షేడ్లు దొరుకుతాయో చూస్తారు. నేను మాత్రం ముందు ఆ రంగులో ఎంత నీరుందో చూడమంటాను. మాకరాన్ అంటే రెండు గుండ్రటి బిళ్లల మధ్య ఫిల్లింగ్ పెట్టే తీపి, ఆ బిళ్లలే షెల్స్. మాకరాన్ షెల్‌లో ఉన్నవి మూడే: బాదం పొడి, గుడ్డు తెల్లసొన, పంచదార. కాల్చి చల్లార్చిన షెల్ బరువులో సగానికి పైగా పంచదారే. పైన నున్నగా, పలచగా కనిపించే ఆ పొర కూడా ఎండిన పంచదార పొరే. దాని మీద నీటిబొట్టు పడితే పంచదార కరుగుతుంది. మెరుపు పోతుంది, చిన్న గుంట పడుతుంది, ఆ చోట షెల్ మెత్తబడుతుంది. ఎంత అందమైన రంగు వేసినా ఆ గుంటను దాచలేదు.

పొడి గాలి ఉన్న ఊళ్లో కాస్త నీరు ఎక్కువైనా ఫ్యాను కింద పెడితే ఆరిపోతుంది. మన దగ్గర అలా కుదరదు. డబ్బాలో ఉప్పు ముద్దకట్టే ఊరు మనది. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో అప్పడాల ప్యాకెట్ విప్పి పెడితే సాయంత్రానికి మెత్తబడుతుంది. షెల్ మీద వేసిన నీరు ఆరకపోగా, గాలిలోని చెమ్మను పంచదార ఇంకా లాక్కుంటుంది. అందుకే ఇంటర్నెట్‌లో చూసే చాలా చిట్కాలు విశాఖ వంటింట్లో పారవు. రంగు మంచిదే కావచ్చు, అది పనిచేసే గాలి వేరు.

ముందుగా పక్కన పెట్టాల్సినవి చెబుతాను. చిన్న సీసాల్లో దొరికే లిక్విడ్ ఫుడ్ కలర్ కేసరికి, జెల్లీకి సరే. మాకరాన్ పైన పూయడానికి పనికిరాదు, అది దాదాపు రంగు నీళ్లే. కిరాణా కొట్లో దొరికే మిఠాయి రంగు పొడి కూడా అంతే. వీటిలో చాలావాటికి ఉప్పో డెక్స్‌ట్రోజో కలుపుతారు, లేబుల్ వెనక చూస్తే తెలుస్తుంది. నీళ్లలో కలిపితేనే రంగు విడుస్తుంది. స్పిరిట్‌లో (అంటే వోడ్కా లాంటిదానిలో) కలిపితే గరుకుగా అడుగున కూర్చుంటుంది. పొట్లం కట్టి విడిగా అమ్మే రంగునైతే ఏ వంటకానికీ కొనకండి.

ఇక జెల్ కలర్. ఇది చాలామంది ఇళ్లలో ముందే ఉంటుంది, ఎందుకంటే షెల్ పిండిలో కలపడానికి అదే సరైనది. పైన పూయడానికి వచ్చేసరికి తేడా వస్తుంది. జెల్‌లో నీరు, గ్లిజరిన్, చక్కెర పాకం లాంటివి ఉంటాయి. గ్లిజరిన్ ఎప్పటికీ పూర్తిగా ఆరదు. రెండు చుక్కల జెల్‌ను వోడ్కాలో బాగా పలుచన చేసి ఒకే ఒక్క పూతగా లాగితే నీటిరంగు చిత్రంలా పలచటి వర్ణం వస్తుంది, అది బాగుంటుంది కూడా. కానీ ముదురు ఎరుపు కావాలని చిక్కగా పూస్తే మర్నాటికి కూడా వేలికి అంటుతుంది. ఇంట్లో జెల్ ఉందని దానితోనే పని కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు పలచటి పూతలతో ఆగిపోవడం మేలు.

నా ఓటు ఎక్కువ సందర్భాల్లో పొడి రంగుకే. బేకింగ్ సామాను అమ్మే దుకాణాల్లో పెటల్ డస్ట్, లస్టర్ డస్ట్ అని రెండు రకాలు దొరుకుతాయి. పెటల్ డస్ట్ మెరవదు, పువ్వు రేకులా సాదాగా కనిపిస్తుంది. లస్టర్ డస్ట్‌లో బంగారం, వెండి, ముత్యం తళుకు ఉంటుంది. వీటిని రెండు పద్ధతుల్లో వాడొచ్చు. తడిగా కలిపి గీయడం ఒకటి, పొడిగానే అద్దడం మరొకటి.

తడి పద్ధతిలో పొడిని వోడ్కాతో కలుపుతాం. ఆల్కహాల్ నీటి కంటే త్వరగా ఆవిరవుతుంది, షెల్‌లోకి దిగేంత సమయం ఉండదు. ఇంతవరకు అందరూ చెబుతారు. చాలామంది మరిచిపోయేది ఏమిటంటే, మన దేశంలో అమ్మే వోడ్కా, జిన్, వైట్ రమ్‌లలో సాధారణంగా ఆల్కహాల్ 42.8 శాతం. మిగతాదంతా దాదాపు నీరే. అంటే వోడ్కా అయినా సగానికి పైగా నీళ్లే పూస్తున్నాం. అందుకే కుంచె ఎప్పుడూ దాదాపు పొడిగా ఉండాలి. కత్తి మొనకు పట్టినంత పొడి తీసుకుని, డ్రాపర్‌తో చుక్క చుక్కగా వేసి, రంగు పారకుండా, కుంచెకు మాత్రం అంటేలా కలపండి. కుంచెను టిష్యూకు ఒకసారి అద్ది అప్పుడు షెల్ మీద పెట్టండి. ఒక గీత ఒకేసారి. బాగా రాలేదని అదే చోట మళ్లీ మళ్లీ రుద్దితే పై పొర లేచిపోతుంది. రెండో పూత కావాలంటే మొదటిది ఆరాక వేయాలి. గిన్నెలో స్పిరిట్ ఆరిపోయి పొడి అట్టకట్టినట్టయితే ఇంకో చుక్క వేసుకుంటే చాలు, రంగు వృథా కాదు. క్వార్టర్ సీసా ఒకటి తెస్తే నెలల తరబడి వస్తుంది.

వోడ్కా ఇంట్లోకి తేవడం కుదరని కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. దానికి బదులు వెనిలా ఎసెన్స్ వాడమని చెప్పేవాళ్లున్నారు. ఇక్కడ సీసా వెనక్కి తిప్పి చూడాలి. విదేశీ వంటపుస్తకాల్లో చెప్పే వెనిలా, లెమన్ ఎక్స్‌ట్రాక్ట్‌లు ఆల్కహాల్‌తో చేసినవి. మన దుకాణాల్లో దొరికే ఎసెన్సులు ఎక్కువగా ప్రొపిలీన్ గ్లైకాల్‌తోనో నీటితోనో చేసినవి. గ్లైకాల్ కూడా గ్లిజరిన్ లాగే ఆరదు. పైగా వెనిలా ఎసెన్స్ రంగు తెల్లటి షెల్‌ను గోధుమ రంగుకు తిప్పుతుంది. కాబట్టి ఆల్కహాల్ వద్దనుకునేవాళ్లు ఎసెన్స్ దగ్గర ఆగకుండా, కింద చెప్పే పొడి అద్దకానికో కోకో బటర్‌కో వెళ్లండి. ఇంకో మాట, దీన్ని గట్టిగానే చెబుతున్నాను: మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్, శానిటైజర్ తిండి మీద ఒక్క చుక్క కూడా వాడొద్దు. తాగడానికి వీల్లేకుండా వాటిలో కావాలనే ఇతర రసాయనాలు కలుపుతారు. వోడ్కాతో వేసిన మాకరాన్లు ఎవరికైనా ఇస్తుంటే ఆ సంగతి ముందే చెప్పండి. ఆవిరైపోతుంది కదా అని మనం అనుకోవచ్చు, తినేవాళ్ల నియమం వాళ్లది.

పొడి అద్దకం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, ఉక్కపోత ఊరికి దీన్ని మించింది లేదని నా నమ్మకం. చుక్క ద్రవం అక్కర్లేదు. మెత్తటి గుండ్రని కుంచెను లస్టర్ డస్ట్‌లో ముంచి, అంచుకు తట్టి దులిపి, షెల్ మీద మెల్లగా తిప్పాలి. షెల్‌లో ఉండే బాదం నూనె జిడ్డే పొడిని పట్టుకుంటుంది. లేత గులాబీ షెల్ మీద ఒక పక్క ముత్యపు తళుకు, ఇంకో పక్క బంగారు నీడ అద్దితే బేకరీ షోకేసులో పెట్టినదానికి తీసిపోదు. కాగితం మీద ఆకు, నక్షత్రం ఆకారం కత్తిరించి దాన్ని షెల్ మీద పెట్టి అద్దితే బొమ్మ కూడా వస్తుంది. సన్నటి గీత, అక్షరం మాత్రం రావు. గట్టిగా పట్టుకుంటే కొంత వేలికి అంటుతుంది. శనగలు ఉడికించిన నీళ్లతో గుడ్డు లేకుండా చేసే షెల్స్ మరీ సున్నితంగా ఉంటాయి, వాటికి తడి తగలని ఈ పద్ధతే సరిపోతుంది. తళుకు అక్కర్లేదనుకుంటే జల్లించిన కోకో పొడిని ఇలాగే అద్దండి, చాక్లెట్ ఫిల్లింగ్ ఉన్న మాకరాన్‌కు బాగా నప్పుతుంది.

ఇప్పుడు కోకో బటర్, అంటే కోకో గింజల్లోంచి తీసే కొవ్వు. మిగతావన్నీ చెమ్మకు భయపడతాయి, ఇది భయపడదు. కొవ్వు కాబట్టి నీటిని దగ్గరికి రానివ్వదు, పంచదారను కరిగించదు. ఫ్రిజ్‌లోంచి తీశాక షెల్ మీద చెమట పట్టినా ఈ రంగు కారదు. గీత ఎత్తుగా, నిగనిగలాడుతూ నిలుస్తుంది. ఖరీదు ఎక్కువ, పని కూడా ఎక్కువ. రంగు కలిపిన కోకో బటర్ సీసాను వేడినీళ్ల గిన్నెలో మూత బిగించి పెట్టి కరిగించాలి, లోపలికి నీటి తుంపర కూడా పోకూడదు. 30 నుంచి 32 డిగ్రీల మధ్యకు చల్లారాక వాడాలి. మరీ వేడిగా పూస్తే గీత పాకిపోతుంది, ఆరాక తెల్లటి మచ్చలు కూడా తేలతాయి. మామూలు కోకో బటర్ కొని ఇంట్లో రంగు కలుపుకుంటామంటే జెల్ కలర్ వేయకండి. కొవ్వులో నీరు కలవదు, గింజలు గింజలుగా విడిపోతుంది. నూనెలో కలిసే రంగు అని సీసా మీద ఉన్నదే తీసుకోండి.

దీని తమ్ముడు వైట్ కాంపౌండ్, తెల్ల చాక్లెట్ లాంటిది. కేకులు చేసే ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, చవక, కోకో బటర్‌కు బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్‌తో చేస్తారు కాబట్టి కరిగించి సరైన వేడికి చల్లార్చే టెంపరింగ్ బాధ లేదు. కరిగించి, నూనె రంగు కలిపి, చిన్న కోన్‌లో పోసి సన్నటి గీతలు లాగొచ్చు, చెంచాతో చిలకరించొచ్చు. కుంచెతో పూసే పలచదనం దీనికి రాదు. దాని సొంత రంగు లేత పసుపు కాబట్టి నీలం కలిపితే ఆకుపచ్చ వైపు జరుగుతుంది. సముద్రపు నీలం కావాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. కోకో బటరైనా కాంపౌండ్ అయినా మేలో ఏసీ లేని గదిలో పెట్టకండి. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరిగేది, ఆ ఎండలకు బల్ల మీదే మెత్తబడుతుంది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా దీనికి మంచి కాలం.

తినదగిన సిరా ఉండే ఎడిబుల్ పెన్నులు పిల్లల కోసం అయితే కొనండి. పుట్టినరోజుకు వచ్చిన పిల్లల చేతికి తలా ఒక మాకరాన్, ఒక పెన్ను ఇస్తే గంటసేపు సందడే. కానీ మొన బాదం పొడితో త్వరగా మూసుకుపోతుంది, గట్టిగా నొక్కితే లోపల బోలుగా ఉన్న షెల్ చిట్లుతుంది. వీటి సిరా కూడా నీటిదే, ముదురు షెల్ మీద కనిపించదు.

తెల్లసొనలో పంచదార పొడి గిలకొట్టి చేసే రాయల్ ఐసింగ్ మాత్రం ముగ్గు వేయడం వచ్చిన చేతికి వరం. షెల్ గుండ్రంగా ఉంటుంది, మధ్యలో ఐదు చుక్కలో ఏడు చుక్కలో పెట్టి తిప్పితే సంక్రాంతి మాకరాన్ తయారు. ఇందులో నీరున్నా, చిక్కగా పైనే నిలిచి గట్టిపడుతుంది కాబట్టి షెల్‌ను అంతగా పాడుచేయదు. పచ్చి తెల్లసొనకు బదులు, ఎండబెట్టిన తెల్లసొనతో చేసే మెరాంగ్ పౌడర్‌తో చేసుకుంటే పిల్లలకు, గర్భిణులకు పెట్టేటప్పుడు బెంగ ఉండదు. ఇక్కడ ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, అదొక్కటే దీనితో ఇబ్బంది. తెల్ల రంగు కావాలన్నప్పుడు కూడా నేను ఐసింగ్‌నే ఎంచుకుంటాను. ముదురు షెల్ మీద తెల్లగా కనిపించే చాలా పెయింట్లలో టైటానియం డయాక్సైడ్ ఉంటుంది, దాన్ని ఆహారంలో వాడకూడదని యూరోపియన్ యూనియన్ 2022లో నిషేధించింది.

తళుకు కోసం లస్టర్ డస్ట్ కొనేముందు ఇది చదవండి. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక పుట్టినరోజు కేకు తిన్న ఆరుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ కేకు మీద పూసిన రోజ్ గోల్డ్ పొడి ఎక్కువ భాగం మెత్తటి రాగి పొడే అని తేలింది. మరుసటి ఏడాది మిస్సోరిలో ఒక ఏడాది బిడ్డ రక్తంలో సీసం పెరిగితే, ఆరా తీయగా కేకు అలంకరణకు వాడిన పసుపు పెటల్ డస్ట్‌లో సీసం దొరికింది. ఇలాంటి పొడుల డబ్బాల మీద విషం కాదు అని అర్థం వచ్చేలా నాన్-టాక్సిక్ అని రాస్తారు. ఆ మాట ఉన్నంత మాత్రాన తినొచ్చని కాదు. డబ్బా మీద తినదగినది అని స్పష్టంగా ఉండాలి, పదార్థాల జాబితా ఉండాలి, కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఆ తళుకు మనకు వద్దు. మన దేశంలో ఆహారానికి అనుమతి ఉన్న సింథటిక్ రంగులు ఎనిమిదే. టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, పాన్సో 4ఆర్, ఎరిత్రోసిన్, బ్రిలియంట్ బ్లూ, ఇండిగో కార్మైన్, ఫాస్ట్ గ్రీన్. బట్టల అద్దకానికి వాడే గులాబీ రంగు రోడమైన్ బి అందులో లేదు. ఆ రంగు దొరికిందనే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాలను ఆపేసింది.

పొడి మీద నమ్మకం కుదరనివాళ్లకు మన మిఠాయి కొట్ల దారి ఒకటుంది, వెండి వరఖు. కాజూ కట్లీ మీద వేసేదే. షెల్ మీద ఒక మూల కుంచెతో వోడ్కా చెమ్మో, కోకో బటర్ చుక్కో తగిలించి, వరఖు తునక అద్దితే అతుక్కుంటుంది. జంతు సంబంధమైన పదార్థమేదీ తగలకుండా వరఖు తయారు చేయాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లోనే నిబంధన పెట్టింది. కాబట్టి ప్యాక్ చేసిన, లేబుల్ ఉన్న వరఖు కొనండి. బంగారు లస్టర్ కంటే నిరాడంబరంగా, పెళ్లి పళ్లేలలో పెట్టినప్పుడు మన తిండిలా కనిపిస్తుంది.

ఏది ఎంచుకోవాలన్నది మీరు ఏం గీయబోతున్నారన్న దాని మీద కూడా ఉంటుంది. ఏటికొప్పాక బొమ్మల మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలు చూసే ఉంటారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో, లక్కతో చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పట్టీలను మాకరాన్ మీద దింపాలంటే పెటల్ డస్ట్, వోడ్కా సరైన జోడీ. షెల్‌ను తిరిగే చిన్న పీట మీద పెట్టి కుంచెను కదపకుండా పట్టుకుంటే పట్టీ గుండ్రంగా వస్తుంది. డాల్ఫిన్ నోస్ కొండ, లైట్‌హౌస్, అలలు గీసి ఊరు చూడ్డానికి వచ్చిన బంధువులకు ఇవ్వాలనుకుంటే నీలం, బూడిద రంగుల పలచటి పూతలు కావాలి, అక్కడ జెల్‌తో పలచటి పూత కూడా సరిపోతుంది. పేర్లు, తేదీలు రాయాలంటే కోకో బటర్, చేయి తిరిగితే రాయల్ ఐసింగ్. ఏ బొమ్మా వద్దు, ఊరికే అందంగా ఉంటే చాలు అనుకునేవాళ్లకు ముత్యపు లస్టర్ డస్ట్ ఒకటి, మెత్తటి కుంచె ఒకటి కొంటే ఏడాదంతా గడుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది కూడా అదే. ఆ తర్వాత ఎరుపు, పసుపు, నీలం పెటల్ డస్ట్‌లు మూడు తీసుకుంటే మిగతా రంగులు కలిపి తెచ్చుకోవచ్చు.

కుంచెలు స్టేషనరీ షాపులో దొరికే నైలాన్‌వే చాలు. 0, 2 నంబర్లవి సన్నటి గీతలకు, 6 నంబరు గుండ్రనిది అద్దకానికి. కొత్తవి కొని తిండికి మాత్రమే వాడాలి. పిల్లల డ్రాయింగ్ డబ్బాలోంచి తీసినవి ఎంత కడిగినా వద్దు.

రంగు ఎప్పుడు వేయాలన్నది కూడా రంగు ఎంత నిలుస్తుందో తేలుస్తుంది. కాల్చిన షెల్స్ పూర్తిగా చల్లారాక, ఫిల్లింగ్ పెట్టకముందే వేయాలి. బటర్‌క్రీమ్ పెట్టాక షెల్ లోపలి నుంచి చెమ్మ తీసుకుంటుంది, అప్పుడు పై పొర తడికి ఇంకా లొంగిపోతుంది. పైగా పాడైన షెల్‌ను కిందకు తిప్పేసి, బాగా వచ్చినదాన్ని పైన పెట్టుకునే వీలు ఉంటుంది. సముద్రం వైపు కిటికీలు మూసి, ఏసీని డ్రై మోడ్‌లో పెట్టిన గదిలో పని చేయండి. ఏసీ లేకపోతే వానాకాలంలో తడి పెయింట్ జోలికి పోకుండా పొడి అద్దకంతో సరిపెట్టుకోవడం మంచిది. వేశాక గంటో రెండు గంటలో అదే గదిలో ఆరనిచ్చి, అప్పుడు ఫిల్లింగ్ పెట్టి మూత గట్టిగా ఉండే డబ్బాలో ఫ్రిజ్‌లోకి.

రంగు నాశనమయ్యేది ఎక్కువసార్లు ఫ్రిజ్ బయటికి వచ్చాకే. చల్లటి మాకరాన్‌కు ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో మధ్యాహ్నపు గాలి తగలగానే దాని మీద చెమట బొట్లు కడుతుంది. వోడ్కా పెయింట్ చారలుగా కారుతుంది, జెల్ కలర్ జిగురవుతుంది, పెన్ను అక్షరాలు అలుక్కుపోతాయి. డబ్బా బయటికి తీసినా మూత తీయకుండా అరగంట నుంచి ముప్పావుగంట దాకా అలాగే ఉంచితే చెమట డబ్బాకే పడుతుంది, మాకరాన్‌కు పట్టదు. ఆర్డర్ మీద చేసి ఇచ్చేవాళ్లు ఈ సంగతిని తెలుగులో చీటీ మీద రాసి డబ్బా మూతకే అతికించండి. స్కూటర్ మీద ఊరి ఆ చివరికి పంపాల్సిన ఆర్డరైతే, నెల ఏదైనా సరే, గీతలకు కోకో బటరే వాడి, డబ్బాను ఐస్‌ప్యాక్ ఉన్న సంచిలో పెట్టి పంపండి.